జికా: భాగస్వామికి అంటకుండా జాగ్రత్తలు

జికా వైరస్ ఏడిస్ దోమకాటుతో వస్తుందని చాలామందికి తెలుసు. సోకినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా అంటుకుంటుంది. సోకిన ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురికి ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి, జ్వరం రాలేదన్న ధీమా పనికిరాదు.

ముందుగా ఒక తేదీ రాసిపెట్టుకోండి. జికా ఉన్న ప్రాంతం వదిలిన రోజు అది. జ్వరం, దద్దుర్లు, కళ్ళు ఎర్రబడటం, కీళ్ళనొప్పులు లాంటివి ఆ తర్వాత మొదలైతే, మొదలైన రోజు నుంచి లెక్కపెట్టండి. మగవారైతే 3 నెలలు, ఆడవారైతే 2 నెలలు కండోమ్ వాడాలి, లేదా కలయిక మానాలి. ఇద్దరూ వెళ్ళొస్తే 3 నెలలు. మగవారికి గడువు ఎక్కువ ఎందుకంటే, రక్తంలో పోయిన తర్వాత కూడా వైరస్ వీర్యంలో చాలా రోజులు మిగులుతుంది. రక్తపరీక్షలో లేదని వచ్చినా గడువు తగ్గించకూడదన్నది అందుకే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు కూడా ఈ గడువు దాటేవరకు ఆగాలి.

భార్య గర్భవతి అయితే నెలల లెక్క వర్తించదు. కాన్పు అయ్యేవరకూ, ప్రతిసారీ కండోమ్ ఉండాల్సిందే. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలను ఈ వైరస్ దెబ్బతీయగలదు. ఇక్కడ ఒక్కసారి కూడా రాజీ పడొద్దు.

కండోమ్ యోని, మల, నోటి సంభోగాలన్నిటికీ కావాలి, మొదటి స్పర్శ నుంచే. చాలామంది మధ్యలో తొడుక్కుంటారు, రక్షణ తప్పేది అక్కడే. ప్యాకెట్‌పై ఉన్న గడువు తేదీ చూసి, కొన పట్టుకుని గాలి తీసి, మొదలు దాకా దించాలి. కొబ్బరినూనె, వాజిలిన్ లాంటివి కండోమ్ రబ్బరు (లేటెక్స్)ను బలహీనపరుస్తాయి, చిరుగుతుంది. నీటి ఆధారిత జెల్ వాడండి. ఒకదానిపై ఒకటి రెండు తొడగొద్దు. అయ్యాక అంగం మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటకు తీయాలి. గర్భనిరోధక మాత్రలు, లూప్ వైరస్‌ను ఆపవు.

ఇంటికొచ్చాక 3 వారాలు దోమలు కుట్టకుండా రిపెల్లెంట్ రాసుకోండి. మీ రక్తం తాగిన దోమ మరొకరికి అంటించగలదు.

గర్భవతితో రక్షణ లేకుండా కలయిక జరిగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ప్రసూతి వైద్యురాలికి చెప్పండి, ప్రయాణ తేదీలతో సహా.