స్విస్ కొండ రైళ్లు, మూడో పాఠం: పాసా, హాఫ్ ఫేర్ కార్డా?

కిందటి పాఠం చివర ఇంటిపని ఇచ్చాను. మీ యాత్రలోని ప్రతి ప్రయాణానికీ పూర్తి ఛార్జీ ఎంతో స్విస్ రైల్వేల ఎస్‌బీబీ యాప్‌లో చూసి, ఒక కాగితం మీద వరసగా రాసుకోమన్నాను. రాసినవారు ఆ కాగితాన్ని ముందు పెట్టుకోండి. రాయనివారు దయచేసి ముందు ఆ పని ముగించుకుని రండి. ఈ రోజు చేసేదంతా ఆ అంకెలతోనే. స్విస్ ట్రావెల్ పాస్ ఒకసారి కొంటే దాని రోజులన్నీ చాలా ప్రయాణాలకు టికెట్టు అక్కర్లేదు. హాఫ్ ఫేర్ కార్డు కొంటే టికెట్లు సగం ధరకు వస్తాయి. రెండింట్లో మీకేది లాభమో తేల్చుకోవడమే ఈ పాఠం.

మొదలుపెట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి. ఆ యాప్‌లో ప్రయాణికుడి దగ్గర హాఫ్ ఫేర్ కార్డు ఉందన్నట్టు ముందే గుర్తు పెట్టి ఉంటుంది. అక్కడివాళ్లలో చాలామంది దగ్గర ఆ కార్డు ఉంటుంది కాబట్టి వాళ్లకది సౌకర్యం, మనకు ఉచ్చు. జూరిచ్ నుంచి ఇంటర్‌లాకెన్‌కు నలభై ఫ్రాంకుల లోపే చూపిస్తే సంతోషించకండి, అది సగం ధర. ఆ గుర్తు తీసేసి మళ్లీ చూడండి.

ఇప్పుడు కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు పైన 'లోయ' అని, కుడివైపు 'కొండ' అని రాయండి. ఊరికీ ఊరికీ మధ్య రైళ్లు, బస్సులు, సరస్సుల మీద పడవలు 'లోయ' వరసలోకి వస్తాయి. శిఖరానికి ఎక్కే పళ్ల చక్రాల రైళ్లు, కేబుల్ కార్లు 'కొండ' వరసలోకి వస్తాయి. ఈ విభజన ఎందుకంటే, స్విస్ ట్రావెల్ పాస్ లోయలో రాజు. కొండ ఎక్కేకొద్దీ దాని అధికారం తగ్గుతుంది. హాఫ్ ఫేర్ కార్డుకు ఆ తేడా లేదు, దాదాపు అంతటా సగమే.

సరిహద్దు ఎక్కడో తెలియాలి. మన టూరు కరపత్రాల్లో 'జంగ్‌ఫ్రా' అని కనిపించే యుంగ్‌ఫ్రౌయోహ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, 1912 నుంచి నడుస్తోంది, ఐరోపాలో అంతకన్నా ఎత్తయిన రైల్వే స్టేషన్ లేదు. దానికి పాసు గ్రిండెల్వాల్డ్ వరకో వెంగెన్ వరకో మాత్రమే చెల్లుతుంది. అక్కడి నుంచి పైకి ఇచ్చేది 25 శాతం తగ్గింపే. హాఫ్ ఫేర్ కార్డుకు అదే దారిలో 50 శాతం. ఎక్కువ ధర పెట్టి కొన్న పాసు కన్నా చవక కార్డు ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది! ఈ ఒక్క సంగతి తెలియకే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతారని నా అభిప్రాయం. నేనూ ఒకసారి పాసు కొని నష్టపోయినవాణ్ణే, ఆ కథ కింద చెబుతాను.

మిగతా కొండలు ఇంత కఠినం కావు. షిల్ట్‌హార్న్‌కు పాసు మ్యూరెన్ దాకా పూర్తిగా చెల్లుతుంది, పైకి సగం. జెర్మాట్ నుంచి గోర్నెర్‌గ్రాట్‌కు సగం. పిలాటస్‌కు సగం. ఎంగెల్‌బెర్గ్ నుంచి టిట్లిస్‌కు సగం. ఇవన్నీ కార్డుతోనూ సగమే కాబట్టి ఇక్కడ రెండూ సమానం. ఇక రిగి, స్టాన్సర్‌హార్న్, స్టూస్ కొండలకు పాసు ఉంటే పైసా అక్కర్లేదు. వాటిని మీ కాగితంలో కొండ వరస నుంచి కొట్టేసి లోయ వరసలోకి మార్చండి. రిగి గురించి ఒక మాట: 1871లో ఐరోపాలో మొట్టమొదటి కొండ రైలు ఎక్కింది దాని మీదకే. మంచు గుహలు, ఆర్భాటాలు ఉండవు. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను ముందు చెప్పే కొండ అదే.

ఇక సూత్రం. పాసు ధరలోంచి కార్డు ధర తీసేయండి. వచ్చినదాన్ని రెండింతలు చేయండి. ఆ అంకెను 'గీత' అందాం. మీ లోయ వరస మొత్తం ఆ గీతను దాటితేనే పాసు కొనాలి. కారణం తేలికే: కార్డుతో లోయ ప్రయాణాల్లో సగం మీరు కడతారు, పాసుతో ఏమీ కట్టరు. పాసుకు అదనంగా పెట్టిన డబ్బు ఆ సగంలోంచే తిరిగి రావాలి.

2024 ధరలు తీసుకుందాం. రెండో తరగతిలో 4 రోజుల పాసు 295 ఫ్రాంకులు, నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు 120. తేడా 175, రెండింతలు 350. అంటే నాలుగు రోజుల్లో లోయ ప్రయాణాలే 350 దాటాలి, రోజుకు సుమారు 88. యాత్రలో యుంగ్‌ఫ్రౌయోహ్ కూడా ఉంటే, దాని ఎగువ భాగపు పూర్తి ఛార్జీలో సగాన్ని ఈ 350కి కలపండి. పాసు అక్కడ చూపే పిసినారితనానికి అది జరిమానా.

పాసు పొడవు పెరిగేకొద్దీ మొత్తం గీత పెరుగుతుంది, కానీ నాలుగు రోజులు దాటాక రోజు లెక్క దిగుతుంది. 3 రోజుల పాసు 244 కాబట్టి గీత 248, రోజుకు 83. 6 రోజుల పాసు 379, గీత 518, రోజుకు 86. 8 రోజులది 419, గీత 598, రోజుకు 75. 15 రోజులది 459 మాత్రమే, గీత 678, రోజుకు 45! ఎనిమిది రోజుల తర్వాత అదనపు వారానికి అప్పుడు నలభై ఫ్రాంకులే అడిగారు. ఆ తర్వాత హాఫ్ ఫేర్ కార్డు ధర పెంచారు. కార్డు ధర పెరిగితే గీత పాసుకు అనుకూలంగా జరుగుతుంది. అందుకే నా అంకెలను కాక పద్ధతిని గుర్తుంచుకోండి. కొనే రోజు ధరలతో మళ్లీ వేసుకోండి.

ఒక యాత్రను లెక్క కడదాం. ఛార్జీలు లెక్క తేలిక కోసం నేను అనుకున్న గుండు సంఖ్యలు. నాలుగు రోజులు, బస ఇంటర్‌లాకెన్‌లో. జూరిచ్ నుంచి రాకపోకలు 150. గ్రిండెల్వాల్డ్ మీదుగా యుంగ్‌ఫ్రౌయోహ్‌కు వెళ్లే రోజు లోయ భాగం 25, ఎగువ భాగం 190. మ్యూరెన్ దాకా రాకపోకలు 40, అక్కడి నుంచి షిల్ట్‌హార్న్ 80. లోయ మొత్తం 215, కొండ మొత్తం 270. ఏమీ లేకుండా కొంటే 485. కార్డుతో 120కి 242.50 కలిపి 362.50. పాసుతో 295, దానికి యుంగ్‌ఫ్రౌయోహ్ ఎగువ భాగం 142.50, షిల్ట్‌హార్న్ 40, వెరసి 477.50. పాసు కొన్నవాడికి విడి టికెట్ల మీద మిగిలింది ఏడున్నర ఫ్రాంకులు. కార్డు కొన్నవాడికి 122.50. మన గీతతో సరిచూడండి: 350కి 95 కలిపితే 445. లోయ 215 దగ్గరే ఆగిపోయింది, కాబట్టి అడగనవసరమే లేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ఏజెంటు మాట విని ఎనిమిది రోజుల పాసు కొన్నాను. లౌటర్‌బ్రున్నెన్‌లో గది. మూడు రోజులు ముసురు పట్టింది. కిటికీలోంచి జలపాతాన్ని చూస్తూ, మావిడికాయ పచ్చడితో అన్నం తింటూ కూర్చున్నాను. పాసు మాత్రం మీటరు వేసిన ఆటోలాగా తిరుగుతూనే ఉంది. వరస రోజుల పాసుకు వానతో పని లేదు. నెలలో మనకు నచ్చిన రోజులు ఎంచుకోగలిగే ఫ్లెక్స్ రకం ఉంది కానీ దాని ధర ఎక్కువ.

అయితే పాసు ఎవరికి? రోజుకో ఊరు మార్చేవారికి. లూసెర్న్‌లో పడవ ఎక్కి రిగి, మర్నాడు ఇంటర్‌లాకెన్, ఆ మర్నాడు మాంట్రో వెళ్లి షియోన్ కోట, సాయంత్రానికి బెర్న్, ఇలా తిరిగే వారి లోయ వరస ఇట్టే ఉబ్బిపోతుంది. ఊళ్లలో బస్సులు, ట్రాములు, 500కు పైగా మ్యూజియంలు కూడా పాసులోనే. పైగా ప్రతిసారీ టికెట్టు కొనే తలనొప్పి ఉండదు. ఆ ప్రశాంతతకు ముప్పై నలభై ఫ్రాంకులు ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు. తెలిసి ఇవ్వండి, అంతే.

పాసులో రోజు అంటే ఇరవై నాలుగు గంటలు కాదు, క్యాలెండరు తేదీ. సాయంత్రం ఆరింటికి జూరిచ్‌లో దిగి పాసు మొదలుపెడితే ఒక రోజు కరిగిపోయినట్టే. ఆ రాత్రికి మామూలు టికెట్టు కొని, పాసును మర్నాటి నుంచి వేసుకోండి. మామూలు టికెట్టు ముందుగా కొన్నా, రైలు కదిలే ముందు కొన్నా ధర ఒకటే. వెయిటింగ్ లిస్టు, తత్కాల్ అలవాటుతో అరవై రోజుల ముందే చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. ఆ టికెట్టు ఫలానా రైలుకని కాదు, ఆ రోజు ఆ దారిలో ఏ రైలుకైనా చెల్లుతుంది. సీటు రిజర్వేషన్ తప్పనిసరి అయ్యేది గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి కొన్ని విహార రైళ్లకే. ఆ రుసుము పాసు ఉన్నా విడిగా కట్టాలి.

పిల్లలతో వెళ్లేవారు పాసుతో పాటు ఫ్యామిలీ కార్డు అడగండి. అది ఉచితం. తల్లి గానీ తండ్రి గానీ వెంట ఉంటే 6 నుంచి 15 ఏళ్ల వారికి పాసు చెల్లే చోట టికెట్టు అక్కర్లేదు. ఆరేళ్ల లోపువారికి ఎలాగూ లేదు. జూరిచ్‌లోనో బాసెల్‌లోనో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నవారికి ఇంకో సంగతి: ట్రావెల్ పాసు ఆ దేశంలో నివసించేవారికి అమ్మరు. మీకు కొనవచ్చు, అమ్మాయికీ అల్లుడికీ కాదు. వాళ్లకు స్థానికుల హాఫ్ ఫేర్ కార్డు ఈపాటికి ఉండే ఉంటుంది. పాసు అయినా కార్డు అయినా తనిఖీకి వచ్చినప్పుడు పాస్‌పోర్టు చూపించమంటారు, చేతికందేలా ఉంచుకోండి.

ఈసారి ఇంటిపని: మీ కాగితంలో లోయ మొత్తం, కొండ మొత్తం వేయండి. మీ రోజులకు సరిపోయే పాసు గీత ఎంతో రాయండి. యుంగ్‌ఫ్రౌయోహ్ ఉంటే జరిమానా కలపండి. మీ లోయ మొత్తానికీ గీతకూ తేడా 50 ఫ్రాంకుల లోపే వచ్చినవారు ఇంకా ఏమీ కొనకండి. ముందుగా కొంటే హాఫ్ ఫేర్ కార్డు ఉన్నవారికి చవకగా దొరికే సేవర్ డే పాస్ అనే ఒక్క రోజు పాసు ఒకటి ఉంది, నాలుగో పాఠంలో మీ లెక్కను అది తారుమారు చేయవచ్చు.