ఫించెస్ కొనేటప్పుడు రంగు తర్వాత, ముందుగాల సైజు చూడండి

ఫించ్ పిట్టలు కొనాలంటే అందరం ముందు రంగే చూస్తం, నేను కూడ గట్లనే చేసిన. నల్గొండలో ఒక షాపుల జీబ్రా ఫించ్ జంట కనిపిస్తే ఆగలేక తెచ్చి, అప్పటికే ఇంట్ల ఉన్న బడ్జీల పంజరంలనే వదిలిన (మన దిక్కు వీటినే లవ్‌బర్డ్స్ అంటరు కద, అవే). మూడో రోజు పొద్దుగాల చూస్తే మగదాని కాలి వేలు ఒకటి లేదు, కర్ర మీద రక్తం మరకలు. బడ్జీ ముక్కు బలం వేరు, ఫించ్ కాలు అగ్గిపుల్ల కన్నా సన్నగ ఉంటది. అందుకే చెప్తున్న, ఫించెస్‌ని చిలక జాతి పిట్టలతోని అస్సలు కలపొద్దు.

సైజు సంగతికొస్తే, జీబ్రా అన్నిట్ల చిన్నదాంట్ల ఒకటి, 10 సెంటీమీటర్ల దాక ఉంటది, బరువు 12 నుంచి 15 గ్రాములు, అంటే రెండు పది రూపాయల బిళ్లలు చేతుల పెట్టుకుంటే ఎంతనో దాదాపు అంతే. పుట్టిల్లు ఆస్ట్రేలియా. మొదటిసారి పెంచేటోళ్లకు నేను ఇదే చెప్త, ఎందుకంటే గట్టి పిట్ట, ఆడ మగ ఇట్టే తెలుస్తది: మగదానికి చెంపల మీద నారింజ మచ్చ, మెడ కింద సన్న గీతలు, రెక్కల కింద గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, ముక్కు ఎర్రగ. ఆడదానికి ఇవేం ఉండవు, బూడిద రంగు ఒళ్లు, ముక్కు మాత్రం నారింజ. తెల్ల జీబ్రాలు అయితే ముక్కు రంగు చూసే చెప్పాలె.

బెంగాలీస్ 11, 12 సెంటీమీటర్లు, పేరు చూసి బెంగాల్ది అనుకోకండి, జపాన్‌ల పెంచి తయారు చేసిన రకం, అడవిల ఎక్కడా లేదు. చాన నెమ్మది, వేరే ఫించ్ గుడ్లు దాని గూట్ల పెట్టినా పొదిగి పిల్లల్ని సాకుతది. ఆడ మగ ఒక్క తీరుగనే ఉంటయి, పాట పాడేది మగదే, కాబట్టి షాపుల పది నిమిషాలు నిలబడి వినండి. గౌల్డియన్ 13, 14 సెంటీమీటర్లు, ఎరుపు, నలుపు, పసుపు తలలు, ఊదా రంగు ఛాతీ, అందంల దానికి సాటి లేదు గాని సున్నితం, కొత్తోళ్లు ఆగితే మంచిది. జావా పిచ్చుక 15 సెంటీమీటర్ల పైనే, ముక్కు లావు, చిన్న జీబ్రాలను తరుముతది, దానికి వేరే పంజరం పెట్టండి.

ఒక మాట గట్టిగ చెప్త. మన వరి పొలాలల్ల గుంపులు గుంపులుగ వాలే మునియాలు, ఎర్ర మునియాలు కూడ వీటి చుట్టాలే, రంగు పూసి ఫించెస్ అని అమ్మేటోళ్లు ఉంటరు. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని పట్టుడు, అమ్ముడు, పెంచుడు నేరం, పాపం కూడ. అగ్గువకు ఇస్తమన్నా తీసుకోవద్దు.

పంజరం ఎత్తు కన్నా పొడవు ఎక్కువ ఉండాలె, ఇవి పైకి ఎక్కే పిట్టలు కాదు, అడ్డంగ ఎగిరేటివి. ఒక జంటకు రెండున్నర అడుగుల పొడవన్నా పెట్టండి, జాలి సందు అర అంగుళం దాటొద్దు. తిండికి కొర్రలు, సామలు, కొంచెం సజ్జలు, మనకు ఊర్లల్ల దొరికేటివే, పొట్టు తీయనివి తేవాలె. వారానికి రెండుసార్లు కొత్తిమీర, ఉడికిన గుడ్డు చిదిమి పెట్టండి, ఆడదానికి సున్నం (కాల్షియం) తక్కువైతే గుడ్డు కడుపుల ఇరుక్కుంటది, అందుకని సముద్రపు నురుగు ముక్క (కటిల్‌ఫిష్ ఎముక) ఎప్పుడూ జాలికి వేలాడాలె. గూటికి కొబ్బరి పీచు పెడితే రెండు మూడు అంగుళాల ముక్కలుగ కత్తిరించి పెట్టండి, పొడుగు పీచు కాళ్లకు చుట్టుకుని వాపు వస్తది.

మన పాలమూరు, నల్గొండ ఎండలకు మే నెలల గూళ్లు తీసేస్త, ఆ వేడిల పొదగనియ్య. మధ్యాహ్నం పంజరానికి ఒక్క పక్కన తడి గోనెసంచి కట్టి, మిగతా పక్కలు గాలికి వదిలేస్త, మట్టి మూకుట్ల నీళ్లు రెండుసార్లు మారుస్త. నీళ్లు పోయంగనే ముందు ఆ వేలు లేని మగదే దిగుతది స్నానానికి.