పటాలాల వంశక్రమం చదవడం – మూడవ పాఠం: 1903 నాటి కొత్త సంఖ్యలు

మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల సైన్యాలను 1895లో రద్దు చేసి నాలుగు కమాండ్ల కిందికి తెచ్చిన తీరును గత పాఠంలో చూశాము. సైన్యం ఒకటైనా పటాలాల పాత సంఖ్యలు మాత్రం అలాగే మిగిలాయి. మద్రాసుకొక రెండవ పటాలం, బొంబాయికొక రెండవ పటాలం ఉండేవి. 1902 నవంబరులో సర్వసేనానిగా వచ్చిన కిచెనర్, రష్యా వైపు నుంచి రాగల ముప్పును ఎదుర్కొనే ఏకీకృత సైన్యాన్ని నిర్మించే క్రమంలో, 1903లో వీటన్నిటినీ ఒకే వరుసలోకి తెచ్చాడు.

ఈ వరుసను చదవడం కష్టం కాదు. మద్రాసు పదాతి పటాలం పాత సంఖ్యకు 60, బొంబాయి దానికి 100, హైదరాబాదు కంటింజెంటు (నిజాం రాజ్యపు దళం) దానికి 93 కలపాలి. కొత్త సంఖ్య తెలిసినప్పుడు తీసివేస్తే పాతది వస్తుంది. అశ్వికదళానికి ఈ లెక్క వర్తించదు. గూర్ఖాల వరుస కూడా వేరు.

ఇప్పుడు ఒక పటాలాన్ని చివరిదాకా అనుసరిద్దాము. మద్రాసు రెండవ పదాతి పటాలానికి 60 కలిపితే 62 వస్తుంది. అయితే 1903 తర్వాతి జాబితాలో అది ‘62వ పంజాబీలు’గా కనబడుతుంది. సంఖ్య మద్రాసు చరిత్రను మోసుకొచ్చింది కాని, సిపాయిలను మాత్రం ఉత్తరాది నుంచి, ముఖ్యంగా పంజాబు నుంచి తెచ్చి నింపారు. 1880లలో మద్రాసు సేనాధిపతిగా, ఆ తర్వాత సర్వసేనానిగా పనిచేసిన రాబర్ట్స్, దీర్ఘకాలపు శాంతి వల్ల దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరాకుండా పోయారని గట్టిగా వాదించాడు. ఆ వాదన న్యాయమైనది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే మద్రాసు సాపర్లలో (సైనిక ఇంజనీరింగు దళంలో) అదే దక్షిణాది వారు కొనసాగి, మొదటి ప్రపంచయుద్ధంలోనూ పనిచేశారు. అందువల్ల సంఖ్యతో పటాలం పూర్వచరిత్రను, పేరుతో అందులో చేరిన మనుషులను విడివిడిగా తెలుసుకోవడం అలవాటు చేసుకోండి.

1922లో విడి పటాలాలను పెద్ద రెజిమెంట్లలో బెటాలియన్లుగా కూర్చారు. అప్పటి నుంచి 1/1 అని ఉంటే ముందు అంకె బెటాలియన్‌ది, వెనుకది రెజిమెంటుది. 62వ పంజాబీలు 1/1 పంజాబు అయ్యారు. 1947 విభజనలో ఆ రెజిమెంటు పాకిస్తాన్‌కు వెళ్లింది; దాని మొదటి మూడు బెటాలియన్లూ మద్రాసు సైన్యపు సంతతే. మద్రాసు పేరును నిలుపుకున్న 3వ మద్రాసు రెజిమెంటు బెటాలియన్లను మాత్రం 1928 నాటికి ఒక్కొక్కటిగా రద్దు చేశారు. దక్షిణాది వారికి ఇంతకంటే బాధాకరమైన వంశవృక్షం సైనిక చరిత్రలో మరొకటి ఉండదేమో.

హైదరాబాదు కంటింజెంటు గతి వేరు. బొల్లారం కేంద్రంగా, నిజాం సొమ్ముతో నడిచిన ఈ దళంలోని ఐదవ పదాతి పటాలం 1903లో 98వది, 1922లో 4/19 హైదరాబాదు అయింది. 1945లో రెజిమెంటు పేరే కుమావూఁగా మారింది. 1947 నవంబరు 3న బడ్గాంలో పోరాడి మరణించి, తొలి పరమవీర చక్రకు ఎంపికైన మేజర్ సోమనాథ్ శర్మ ఈ నాలుగవ కుమావూఁ బెటాలియన్ వాడే.

అభ్యాసం: 1903 నాటి 73, 79, 97, 105 సంఖ్యల పదాతి పటాలాలు పూర్వం ఏ సైన్యానివో, వాటి పాత సంఖ్యలేమిటో రాయండి. 73వది 1922లో 1/3 మద్రాసు అయింది. ఆ గుర్తును విడదీసి చదవండి. సమాధానాలతో పాటు, అశ్వికదళపు సంఖ్యలను వచ్చే పాఠంలో పరిశీలిద్దాము.