కొత్త గిటారు కొనాలనిపించినప్పుడు ముందుగా చూడవలసినవి: సమస్య - పరిష్కారం

గిటారు వాయించేవారిలో చాలామందికి వాయించడంకన్నా కొనడంమీద ధ్యాస మళ్ళే జబ్బు ఒకటి ఉన్నది. స్టీలీ డాన్ బృందపు గిటారిస్టు వాల్టర్ బెకర్ 1990లలో ఒక పత్రికా వ్యాసంలో వాడిన ‘గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్’ (గిటార్లు పోగుచేసే జబ్బు) అనే పేరులోని మొదటి అక్షరాలను బట్టి దీనిని పొట్టిగా ‘గ్యాస్’ అంటారు. కోనసీమలో గ్యాస్ అంటే చమురు బావులే గుర్తుకు వస్తాయి గనుక ఇక్కడ దీనిని కొనుగోలు యావ అందాము. అమలాపురం చుట్టుపక్కల చర్చిలోను, పెళ్ళి ఆర్కెస్ట్రాలలోను వాయిస్తూ ఈ యావకు నేను పోసిన డబ్బును లెక్క వేసుకుంటే ఒక సంగతి తేలింది. యావ పుట్టిన ప్రతిసారీ వాయిద్యంలోనో, గదిలోనో, కరెంటులోనో, నాలోనో ఏదో ఒక లోపం ఉండేది. దానిని వెదకకుండా వస్తువును మార్చినప్పుడల్లా ఆ లోపం కొత్త వస్తువును కూడా పట్టుకునేది.

లక్షణం: గిటారు మూగగా పలుకుతున్నది, తీగలు నొక్కితే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, ఇంకొక గిటారు కావాలనిపిస్తున్నది

ఈ డెల్టాలో దీనికి మొదటి కారణం తేమ. గిటారు చెక్కకు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ అనుకూలమని తయారీదారులు చెబుతారు. వానాకాలంలో కాలువగట్టు ఇళ్ళలో తేమ అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది గనుక తీగలకు త్వరగా తుప్పు పట్టి, మోతలోని పదును పోతుంది. అకూస్టిక్ గిటారు పైపలక తేమను పీల్చుకుని ఉబ్బినప్పుడు తీగలు ఫ్రెట్ల నుంచి, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గట్ల నుంచి, పైకి లేస్తాయి; వేళ్ళ నొప్పి అక్కడి నుంచి వచ్చినదే గాని చేతిలో సత్తువ లేక వచ్చినది కాదు.

ముందు తీగలు మార్చాలి. వాటి ఖరీదు కొన్ని వందల రూపాయలు మాత్రమే. తరువాత 12వ ఫ్రెట్ వద్ద లావు తీగ అడుగుకు, ఫ్రెట్ పైఅంచుకు మధ్య ఎడం కొలవాలి: ఎలక్ట్రిక్ గిటారుకు సుమారు 1.6 మిల్లీమీటర్లు, అకూస్టిక్‌కు సుమారు 2.5 మిల్లీమీటర్లు ఉంటే వాయించడానికి హాయిగా ఉంటుంది. మెడ ముందుకు వంగినట్లు తేలితే మెడ లోపల దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే కడ్డీని ఒక్కసారికి పావు చుట్టుకు మించకుండా బిగించి, మెడ సర్దుకునేదాకా ఆగి, మళ్ళీ కొలవాలి. ఒకేసారి గట్టిగా తిప్పి రాడ్‌ను విరగగొట్టుకున్న వారిలో నేనూ ఒకడిని. కొత్త గిటారు కొనడానికి అంతకన్నా మంచి సాకు నాకు మరి దొరకలేదు. స్వరం తేడా చూడడానికి 12వ ఫ్రెట్ మీద తీగను వేలితో తాకి పలికించిన హార్మోనిక్‌ను, అదే ఫ్రెట్‌ను నొక్కి పలికించిన స్వరంతో ట్యూనర్‌లో సరిచూసుకోవాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనుకునే శాడిల్‌ను వెనక్కు జరపాలి. ఎలక్ట్రిక్ గిటారులో ఈ పని స్క్రూడ్రైవర్‌తోనే అయిపోతుంది. వాయించిన తరువాత పొడిగుడ్డతో తీగలు తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు ఉంచితే తీగలు ఎక్కువ కాలం మన్నుతాయి.

లక్షణం: ఆంప్లిఫయర్ చాలడం లేదు, పెద్దది కావాలి

20 వాట్ల ఆంప్ ఉన్నవాడు 40 వాట్లది కొంటే మోత రెట్టింపు అవుతుందనుకుంటాడు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి మోత రెట్టింపయినట్లు వినిపించడానికి ఇంచుమించు 10 డెసిబెల్లు, అంటే పది రెట్ల వాట్లు కావాలి. స్పీకరు సెన్సిటివిటీ, అంటే అన్నే వాట్లకు అది ఇచ్చే మోత, 97 నుంచి 100 డెసిబెల్లకు పెరిగినా, వాట్లు రెట్టింపు చేసినంత ఫలితమే వస్తుంది.

అసలు కారణం చాలాసార్లు ఆంప్‌ను నేలమీద పెట్టడం. మోత మోకాళ్ళకు తగులుతుంది, చెవికి అందదు. బల్లమీద పెట్టి కొంచెం వెనక్కు వాల్చి చూడాలి.

ఇంట్లో బాగున్నది పెళ్ళిపందిట్లో మునిగిపోతున్నదని కొత్త పెడల్ (కాలితో నొక్కి గిటారు మోతను మార్చే పెట్టె) కొనేవారు 1933లో ఫ్లెచర్, మన్సన్ బెల్ ప్రయోగశాలల్లో తేల్చిన విషయాన్ని గుర్తుపెట్టుకోవాలి. తక్కువ మోతలో మన చెవి అడుగు స్వరాలను, పైస్వరాలను సరిగా పట్టుకోదు. అందుచేత ఇంట్లో ఆంప్‌లో బేస్ (అడుగు స్వరాలు), ట్రెబుల్ (పైస్వరాలు) పెంచి మిడ్ (నడిమి స్వరాలు) తగ్గిస్తాము. పందిట్లో ఆ బేస్‌ను బేస్ గిటారు, డప్పులు మింగేస్తాయి, ట్రెబుల్ తాళాలలో కలిసిపోతుంది, గిటారుకు మిగిలేది మిడ్ ఒక్కటే. దానిని మనమే తగ్గించి ఉంచాము. మిడ్ పెంచడానికి ఖర్చేమీ లేదు.

వాల్వు ఆంప్ ఉన్నవారు సాయంత్రం పూట వోల్టేజీ కూడా కొలిచి చూసుకోవాలి. 230 వోల్టులు రావలసిన చోట బాగా తగ్గితే ఆంప్ నీరసంగా పలుకుతుంది. మంచి స్టెబిలైజరు పెట్టుకుంటే చాలు.

లక్షణం: గుయ్‌మని హమ్, కాబట్టి ఖరీదైన కేబుల్, కొత్త పికప్ కావాలి

గుయ్‌మనే మోత మన కరెంటు తాలూకు 50 హెర్ట్జ్‌ది, దాని రెట్టింపులది. గిటారు పట్టుకుని గదిలో ఒకచోట నిలబడి నెమ్మదిగా తిరిగితే మోత హెచ్చుతగ్గులవుతుంటే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) సహజ గుణం. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు చుట్టల హంబకర్ పికప్‌ను రూపొందించినది దీనిని వదిలించుకోవడానికే. తీగలను చేత్తో తాకగానే మోత తగ్గితే షీల్డింగ్‌ను (బయటి కరెంటు రొదను అడ్డుకునే లోహపు పొరను), లోపలి ఎర్త్ తీగ అతుకులను చూడాలి. ఇంట్లో సరయిన ఎర్తింగ్ లేకపోతే ఏ కేబుల్ కొన్నా ప్రయోజనం లేదు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ గుంట చూపించాలి. హమ్ పోతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును ఎన్నడూ తీసివేయకూడదు. ఒక చేతిలో గిటారు, పెదవికి మైకు ఉన్నవారికి అది ప్రాణాంతకం.

లక్షణం: లోపమేమీ లేదు, అయినా కావాలి

ఇది తక్కిన వాటికన్నా మొండిది. నా వరకు ఇది కొబ్బరి దింపు డబ్బు చేతికొచ్చిన వారంలో, రాత్రి పదకొండు దాటాక, ఫోనులో ఎవరో పెడల్ వాయించి చూపిస్తున్నప్పుడు ముదురుతుంది. ఆ వీడియోలో వినిపించేది మంచి మైకులో పట్టి, శుద్ధి చేసిన మోత. పెడల్ పాలు అందులో కొంతే, వాయించే చేతి పాలు ఎక్కువ. పాట నేర్చుకోవడానికి నెల పడుతుంది, కొనడానికి నిమిషం చాలు. మనసు సులువైన దారే పడుతుంది.

దీనికి నేను వాడే మందు ఒక పుస్తకం. కొనాలనుకున్న వస్తువు పేరు, ఇప్పుడున్న దానితో ఏ పాటలో ఏ చోటు పలకడం లేదో, తేదీ వేసి రాస్తాను. ఆ రెండవ వాక్యం రాయలేకపోతే పేజీ తిప్పేస్తాను. రాయగలిగితే 30 రోజులు ఆగి, ఆ చోటును రోజూ సాధన చేస్తాను. వాయిదాల మీద కొనడం మానుకున్నాను, ఎందుకంటే చేతిలోని డబ్బు తరగకపోతే మనసు లెక్క వేయదు.

నిజంగా మార్చవలసిన అవసరం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌కు మామూలుగా ఉండే నాలుగు జంట తీగలను వదిలి, విడివిడిగా అయిదు తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను పట్టుకున్నారు. కర్ణాటక సంగీతానికి కావలసిన గమకాలు, మంద్రస్థాయి జంట తీగల వాయిద్యంలో ఇమడవు. వాయిద్యంలో ఏమి మారాలో వాయించే సంగీతమే నిర్ణయించింది.

నా పుస్తకంలో పోయిన ఏడాది పదకొండు పేర్లు ఎక్కాయి. నెల గడిచాక మిగిలినది ఒక్కటే, అదీ కొత్త వస్తువు కాదు: అరిగిపోయిన ఫ్రెట్లు మార్పించడం. వాడని రెండు పెడళ్ళు అమ్మగా వచ్చిన డబ్బు ఆ పనికి సరిపోయింది.