తండ్రి పేరున ఉన్న డబ్బు, షేర్లకు సక్సెషన్ సర్టిఫికెట్: దరఖాస్తు విధానం

తండ్రి వీలునామా రాయకుండా మరణించినప్పుడు, ఆయన బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీలు చేతికి రావడానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అన్నిచోట్లా సరిపోదు. నామినీ లేకపోయినా, వారసుల మధ్య తగవు ఉన్నా, మొత్తం పెద్దదైనా సాధారణంగా సక్సెషన్ సర్టిఫికెట్, అంటే మరణించినవారి పేరున ఉన్న సొమ్మును వసూలు చేసుకునే అధికారమిచ్చే పత్రం, అడుగుతారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం దానిని ఇవ్వవలసింది కోర్టే.

మరణించేనాటికి తండ్రి ఎక్కడ కాపురం ఉండేవారో ఆ ప్రాంతంపై అధికార పరిధి గల సివిల్ కోర్టులో పిటిషన్ వేయాలి. మరణించిన తేదీ, నివాసం, కుటుంబ సభ్యుల వివరాలు, దరఖాస్తుదారుకు ఉన్న హక్కు అందులో రాయాలి. హిందూ కుటుంబమైతే భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు మరణించినవారి తల్లికీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం సమాన వాటా ఇచ్చింది కనుక, ఇంట్లో ఉన్న నాయనమ్మనూ, పెళ్లయి వెళ్లిన ఆడపడుచులనూ వదిలేయడం అన్యాయమే కాక, తరువాత సర్టిఫికెట్ రద్దుకూ దారితీయవచ్చు.

పేర్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండి, మరణ ధ్రువీకరణ పత్రంలో చివరి 'రావు' జారిపోవడం మన ఇళ్లలో మామూలే. ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని పిటిషన్‌లోనే చెప్పి, అఫిడవిట్ జతచేయడం మంచిది.

కోర్టు మిగతా వారసులకు నోటీసులు పంపుతుంది. సాధారణంగా పత్రికా ప్రకటన కూడా ఇప్పిస్తుంది. అభ్యంతరాలు లేకుంటే సాక్ష్యం నమోదు చేసి, విలువను బట్టి కోర్టు ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని చూసి నమ్మకంతో సొమ్ము చెల్లించిన బ్యాంకుకు చట్టం రక్షణ ఇస్తుంది. అయితే తీసుకున్న వ్యక్తి ఆ సొమ్ముకు ఏకైక యజమాని కారు, మిగతావారి వాటా వారికి అప్పగించవలసిందే.

ఇల్లు, పొలం వంటి స్థిరాస్తికి ఈ సర్టిఫికెట్ వర్తించదు. ఆస్తి మొత్తాన్ని నిర్వహించే అధికారం కావాలంటే అదే చట్టం కింద లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోరాలి. అప్పుడు బాండు (పూచీ పత్రం) ఇచ్చి, 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలోగా లెక్కలు కోర్టుకు సమర్పించాలి.

సక్సెషన్ సర్టిఫికెట్ తన షెడ్యూలులో, అంటే దానికి జతచేసిన జాబితాలో, ఉన్న డిపాజిట్లు, షేర్లు, బాకీలకే చెల్లుతుంది కాబట్టి, దరఖాస్తుకు ముందే బీరువాలోని పాత డిపాజిట్ రసీదులు, షేరు పత్రాలు అన్నీ వెతికి నంబర్లతో సహా రాసుకోండి. తరువాత ఏదైనా బయటపడితే, సర్టిఫికెట్‌ను దానికీ విస్తరించమని అదే కోర్టును కోరవచ్చు.