యాక్షన్ సినిమాల ఛానల్ ఒకటే రావట్లేదా? రీఛార్జికి ముందు ఇవి చూడండి

కడప, ప్రొద్దుటూరు, తాడిపత్రి వైపు మిద్దెలెక్కి డిష్‌లు సరిచేసేవాళ్లకు తరచూ వినబడే మాట ఇది: "అన్నా, అన్నీ వస్తాండాయి, ఫైటింగ్ సినిమాలేసే ఛానల్ ఒకటే రాల్యా." ఆ ఫోను చేసేలోపే చాలామంది ఇంకో రీఛార్జి చేసేసి ఉంటారు. ఆ డబ్బు ఖాతాలో పడి ఉంటుంది, ఛానల్ మాత్రం రాదు. తెర మీద ఏం రాసుందో ఎవరూ చదవకపోవడమే దీనికి కారణం.

దయచేసి ముందు అది చదవండి. ఛానల్ మీ ప్యాకులో లేదనో, సబ్‌స్క్రైబ్ చేసుకోమనో ఉంటే డిష్షూ వైరూ బాగున్నట్టే, మిద్దె ఎక్కే పని లేదు. సిగ్నల్ లేదని ఉంటే రీఛార్జి జోలికి పోవద్దు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

ప్యాకులో లేదని చూపిస్తే

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ (టెలికాం, టీవీ సర్వీసుల నియంత్రణ సంస్థ) కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చింది. పే ఛానల్‌ను, అంటే డబ్బు కట్టి చూసేదాన్ని, విడిగా దాని ధరకు కొనుక్కోవచ్చు, లేదా ప్యాకులో భాగంగా తీసుకోవచ్చు. ప్యాకులో పెట్టాలంటే ఆ ఛానల్ నెల ధర ఒక పరిమితి దాటకూడదు. ఆ పరిమితి మొదట 19 రూపాయలు, 2020లో 12కు తగ్గించారు, 2022 నవంబరులో మళ్లీ 19 చేశారు. అందువల్ల ప్రసార సంస్థలు ధరలూ ప్యాకులూ మార్చినప్పుడల్లా పోయిన నెల వచ్చిన ఛానల్ ఈ నెల మాయం కావచ్చు. మీ ప్యాకు పేరు మారదు, లోపలి జాబితా మారుతుంది. కాబట్టి పేరు కాదు, జాబితాలో ఆ ఛానల్ ఉందో లేదో చూడండి.

ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ వేర్వేరు ఛానళ్ల కింద లెక్క. ప్యాకులో ఎస్‌డీ ఉండి మీరు హెచ్‌డీ నంబరు నొక్కుతుంటే రాదు. ఇంట్లో కొత్త టీవీ కొన్న వారంలో వచ్చే ఫోన్లలో చాలా భాగం ఇదే.

జాబితాలో ఉన్నా రాకపోతే, ముఖ్యంగా సెట్‌టాప్ బాక్సును కొన్నాళ్లు ఆపి ఊరికి పోయి వచ్చాక రాకపోతే, కస్టమర్ కేర్‌తో రీఫ్రెష్ కొట్టించుకోండి, అంటే ఛానల్ అనుమతిని బాక్సుకు మళ్లీ పంపించుకోండి. ఆ సమయంలో బాక్సు ఆన్‌లో ఉండి అదే ఛానల్ మీద నిలబడి ఉండాలి. అరగంట ఓపిక పట్టండి. మధ్యలో ఛానళ్లు తిప్పుతూ కూర్చుంటే ఎక్కాల్సింది ఎక్కకపోవచ్చు.

సిగ్నల్ లేదని చూపిస్తే

ఇక్కడ అందరూ వదిలేసే ప్రశ్న ఒకటుంది: ఆ ఛానల్‌తో పాటు ఇంకేమేం పోయాయి? "అదొక్కటే" అని చెప్తారు. ఇంట్లో చూసేవి నాలుగైదు ఛానళ్లే కాబట్టి మిగతావి పోయిన సంగతి వాళ్లకు తెలియదు. డీడీ సప్తగిరి పెట్టి చూడండి. తర్వాత జెమిని మూవీస్, స్టార్ మా మూవీస్, జీ సినిమాలు, ఈటీవీ సినిమా, రెండు వార్తా ఛానళ్లు, మీరెప్పుడూ చూడని ఒక హిందీ, ఒక కన్నడ ఛానల్. వచ్చినవి, రానివి కాగితం మీద రాయండి.

అన్నీ పోతే డిష్ కదిలింది, లేదా వైరు తెగింది. అది ఎవరైనా పట్టుకుంటారు. దాదాపు సగం వస్తూ సగం రాకపోతే మాత్రం ఈ కింది భాగం నిదానంగా చదవండి. అనుభవమున్న మెకానిక్‌లు కూడా దీని దగ్గర ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరం) మార్చి, బాక్సు మార్చి, చివరికి చేతులెత్తేస్తారు.

డిష్ కొనన ఉండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు సెట్‌టాప్ బాక్సు నుంచే, సిగ్నల్ వచ్చే వైరులోనే పోతుంది. ఉపగ్రహం నుంచి ఛానళ్లు రెండు రకాల తరంగాల మీద వస్తాయి: నిలువుగా ఊగేవి, అడ్డంగా ఊగేవి. నిలువు తరంగాల మీద వచ్చే ఛానల్ పెడితే బాక్సు సుమారు 13 వోల్టులు పంపుతుంది, అడ్డ తరంగాల ఛానల్ పెడితే 18. ఎంత వోల్టేజీ అందిందో చూసుకుని ఎల్‌ఎన్‌బీ ఏ రకం అందుకోవాలో తేల్చుకుంటుంది. ఇప్పుడు మిద్దె మీది కనెక్టరులో తుప్పు పట్టిందనుకోండి. అక్కడ 20 ఓముల నిరోధం చేరినా, ఎల్‌ఎన్‌బీ 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే 3 వోల్టులు దారిలోనే పోతాయి. పంపింది 18, అందింది 15. ఆ పాటికి తనకు వచ్చింది 13 అనుకుని ఎల్‌ఎన్‌బీ నిలువులోనే ఉండిపోవచ్చు. అలా ఉండిపోతే, రెండు రకాల తరంగాలనూ వాడే సర్వీసుల్లో అడ్డ తరంగాల ఛానళ్లన్నీ ఒకేసారి పోతాయి, మిగతావి నిక్షేపంగా వస్తాయి. మీ యాక్షన్ ఛానల్ ఆ పోయిన సగంలో ఉంటే మీకు కనబడేది అదొక్కటే.

ఇది మోసం చేసే తీరు చూడండి. మెనూలో సిగ్నల్ పట్టీ తెరిస్తే చాలా బాక్సులు ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీ బలమే చూపిస్తాయి. అది నిలువుదైతే పట్టీ నిండుగా ఉంటుంది. కస్టమర్ కేర్‌వాళ్లు "సిగ్నల్ బాగుంది, ప్యాకు యాక్టివ్‌గా ఉంది" అంటారు, వాళ్లు చెప్పేదీ నిజమే. పైగా తడి ఆరితే ఛానల్ దానంతటదే తిరిగొస్తుంది. మధ్యాహ్నం ఎండకు వచ్చి, వాన పడ్డ రాత్రి పోతుంటే అనుమానం కనెక్టరు మీదే పెట్టుకోండి.

మన సీమలో ఇది ఎక్కువ. వానలు తక్కువ కదా అని బిగించేటప్పుడు కనెక్టరుకు సరైన టేపు చుట్టరు. కర్నూలు ఎండలకు రబ్బరు పగిలిపోతుంది, మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు కారిపోతుంది. ఆ తర్వాత పడే మొదటి గట్టి వాన నేరుగా లోపలికి దిగుతుంది. కడప వైపైతే నవంబరు తుపాను వానలు మిగిలిన పని పూర్తి చేస్తాయి.

పరీక్షించేటప్పుడు ఒక తప్పు చాలామంది చేస్తారు. వైరును ఎల్‌ఎన్‌బీ నుంచి ఊడదీసి వోల్టేజీ కొలిచే మీటరు పెడతారు. 18 చూపిస్తుంది, వైరు బాగుందని తేల్చేస్తారు. లాగే ఎల్‌ఎన్‌బీ లేనప్పుడు కరెంటు పారదు, కరెంటు పారనప్పుడు తుప్పు దగ్గర వోల్టేజీ పడిపోదు. ఎల్‌ఎన్‌బీ తగిలించి ఉండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. మీటరు లేకపోతే ఇంకా తేలికైన దారి ఉంది. బాక్సునూ ఒక చిన్న టీవీనీ మిద్దె మీదికి తీసుకుపోయి, రెండు మీటర్ల కొత్త వైరుతో నేరుగా ఎల్‌ఎన్‌బీకి కలపండి. ఛానల్ వచ్చిందా, తప్పు పాత వైరుదే. అప్పుడూ రాకపోతేనే ఎల్‌ఎన్‌బీని అనుమానించండి.

సరిచేయడం కష్టం కాదు. ముందు బాక్సు ప్లగ్గు పీకేయండి, కరెంటు ఉండగా వైరు చివర షార్ట్ అయితే బాక్సే పోవచ్చు. వైరును జానెడు కోసి చూడండి. లోపలి తీగ రాగి రంగులో మెరిసేదాకా, పైన అల్లిన తీగల్లో నలుపు లేనిదాకా కోస్తూ పోండి. కొత్త కంప్రెషన్ కనెక్టరు (పనిముట్టుతో నొక్కి బిగించేది) బిగించండి, తిప్పి ఎక్కించే రకం వద్దు. అల్లికలో ఒక్క పోగు కూడా మధ్య తీగను తాకకూడదు. దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు వేయండి. వైరు కనెక్టరు దగ్గరికి కింది నుంచి పైకి పోయేలా ఒక వంపు వదలండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కోతులు లాగినచోట వేసిన అతుకులుంటే తీసేసి ఒకే ముక్క వైరు వేయండి. కొత్త వైరు కొనేటప్పుడు మధ్య తీగకు అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకుంటే అది రాగి పూత వేసిన ఉక్కు, పూత లేచిన చోట తుప్పు పడుతుంది.

ఇది చేశాక కూడా ఆ సగం రాకపోతే బాక్సు అడాప్టరు మార్చి చూడండి. నీరసించిన అడాప్టరుతో బాక్సు 18 వోల్టులు ఇవ్వలేదు.

మిగతా కారణాలు అరుదు. అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలికి డిష్ జరిగితే బలహీనమైన ఛానళ్లు ముందు పోతాయి, డిష్‌ను మళ్లీ సరైన దిక్కుకు తిప్పి నట్లు బిగించాలి. మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులు పగటిపూట కొద్ది నిమిషాలు పోతే సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చినట్టు, ఏమీ చేయొద్దు. పక్క వీధిలోనూ, వేరే సర్వీసులోనూ అదే ఛానల్ రాకపోతే ఛానల్‌వాళ్లే ఆపేసి ఉంటారు.

కేబుల్ కనెక్షన్ అయితే 13, 18 గొడవ లేదు. అయినా కాగితం మీద జాబితా రాయండి. ఒక ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఛానళ్లన్నీ కలిసి పోతాయి, కారణం ఎక్కువగా ఒక వైరును రెండు మూడు టీవీలకు పంచే ఇంట్లోని స్ప్లిట్టరే. దాన్ని తప్పించి వైరును నేరుగా బాక్సుకు పెట్టి చూసి, అప్పుడు ఆపరేటరుకు ఫోను చేయండి. చేసినప్పుడు "ఛానల్ రావట్లేదు" అని ఊరుకోకుండా ఆ కాగితం చదివి వినిపించండి.