పాత వాక్యూమ్ క్లీనర్లు కొనేదెలా? నాలుగో పాఠం: అడిగిన ధర, అమ్ముడైన ధర

ఈసారి అటాచ్‌మెంట్ల గురించి రాస్తానన్నాను. కుదరలేదు. మూడో పాఠం తర్వాత మీరు పంపిన ధరల లెక్కలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. చాలామంది ఒకే గోతిలో పడ్డారు. డాలస్ నుంచి ఒకాయన ఎలక్ట్రోలక్స్ మోడల్ 30ని 180 డాలర్లకు కొని, "ఈబే సైటులో 250 ఉంది సార్, 70 మిగిలింది" అని రాశారు. ఏమీ మిగల్లేదండీ. ఆ 250 ఎవరో అడిగిన ధర. ఎవరూ ఇచ్చిన ధర కాదు.

ఈబేలో వెతికేటప్పుడు, ముగిసిన ప్రకటనలే కనిపించేలా ఫిల్టర్ పెట్టి చూడమన్నాను. పెట్టారు, కానీ 'కంప్లీటెడ్' దగ్గరే ఆగిపోయారు. కంప్లీటెడ్ అంటే ఆ ప్రకటన ముగిసిందని మాత్రమే. అమ్ముడైనవీ, ఎవరూ ముట్టుకోనివీ కలిపి అందులో ఉంటాయి. మీకు కావలసింది 'సోల్డ్'. అమ్ముడైన ధర ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆ ధర మీద అడ్డగీత ఉందా? అయితే అమ్మినవాళ్లు బెస్ట్ ఆఫర్, అంటే కొనేవాళ్లు తగ్గించి అడిగిన ధర, ఒప్పుకున్నారు. అంటే అంతకన్నా తక్కువకే ఇచ్చారు, ఎంతకో ఆ జాబితాలో కనిపించదు. అలాంటివి నేను లెక్కలోకే తీసుకోను.

తర్వాత రవాణా. 'ఫ్రీ షిప్పింగ్' అని 140 ఉంటే అది 140 డాలర్ల యంత్రం కాదు. కర్బీ కంపెనీ యంత్రం ఒకటి పది కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. దాన్ని ఒహాయో నుంచి టెక్సస్ పంపడానికి అయ్యే ఖర్చు ఆ 140లోనే దాగి ఉంది. మీ పక్క వీధిలో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్‌లో దొరికినదానికి ఆ ఖర్చు లేదు, కాబట్టి ఆ ధర అక్కడికి వర్తించదు. ఇంకొకటి: అమ్ముడైనవాటిలో అన్నిటికన్నా పైనున్న ధరను పట్టుకుని కూర్చోకండి. అది పెట్టెతో, పుస్తకంతో, గొట్టాలన్నిటితో, రిపేరు షాపువాళ్లు విప్పి బాగుచేసిన యంత్రమై ఉంటుంది. ఓ పది అమ్మకాలు వరసగా రాసుకుని, మధ్యలో ఏ ధర పడుతుందో అది తీసుకోండి.

ప్రకటనలో 'రేర్' అని ఉంటే నాకు చిరాకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మోడల్ 30నే తీసుకోండి. లురెల్ గిల్డ్ డిజైన్ చేసిన ఈ యంత్రం 1937లో వచ్చింది. స్కీ పలకల్లాంటి పట్టాల మీద జారే ఆ పొడుగాటి స్టీలు గొట్టాన్ని మ్యూజియంలు కూడా దాచుకున్నాయి. చూడ్డానికి అందమైనదే, నాకూ ఇష్టమే. కానీ 1950ల దాకా అమ్మారు, అదీ ఇంటింటికీ తిరిగి. పైగా స్టీలు కాబట్టి విరిగి పారేసినవి తక్కువ. ఇన్ని మిగిలి ఉంటే రేర్ ఎలా అవుతుంది? హెన్రీ డ్రైఫస్ 1936లో హూవర్‌కు డిజైన్ చేసిన మోడల్ 150 కూడా ఇంచుమించు అదే వయసుది. కానీ దాని మీదున్న బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) మూత పగలకుండా దొరకడం కష్టం. మూత బాగుంటే ఒక ధర, పగిలితే వేరే ధర. ఇక జేమ్స్ డైసన్ డిజైన్ చేసిన జి-ఫోర్స్ 1986లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. గులాబీ రంగు ప్లాస్టిక్. వీటికన్నా యాభై ఏళ్లు చిన్నది, అయినా ఈ రెండిటి ధరా దాని దరిదాపులకు రాదు. వయసు చూసి డబ్బులివ్వకండి. ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఏ భాగం పోయింది? ఇవి చూడండి.

ఇక రెండో రకం ఉత్తరాలు. "టెస్టెడ్, వర్క్స్ అన్నారు, ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే వణుకుతోంది." అమ్మేవాళ్ల భాషలో 'వర్క్స్' అంటే ప్లగ్ పెడితే మోటరు తిరుగుతుందని. అంతకుమించి ఏమీ లేదు. కొనే ముందు మీరే చూసుకోవాలి.

ప్లగ్ పెట్టకముందే వైరు చూడండి. పిడి దగ్గరా ప్లగ్ దగ్గరా కొద్దిగా వంచితే రబ్బరు పెళుసుగా చిట్లుతుందా? అయితే దాన్ని అక్కడ ఆన్ చేయొద్దు, అమ్మేవాళ్లు చేస్తామన్నా వద్దనండి. వైరు మార్చడం పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించమనడానికి మంచి సాకు కూడా.

కర్బీలో దుమ్ము ఫ్యాన్ గుండానే సంచిలోకి పోతుంది. కాబట్టి మింగిన చిల్లర నాణెం, మేకు అన్నీ వెళ్లి ఫ్యాన్ రెక్కలకే తగులుతాయి. ప్లగ్ తీసి, ముందున్న నాజిల్ ఊడదీసి, ఫోన్ లైటు వేసి చూడండి. ఒక్క రెక్క అంచు విరిగినా యంత్రం వణుకుతుంది, ఆ వణుకుడుకు బేరింగులు కూడా అరుగుతాయి. మీలో వణుకుడు గురించి రాసినవాళ్లు ముందు ఈ పని చేయండి.

ఎలక్ట్రోలక్స్ లాంటి గొట్టం యంత్రాలకు అరచేతి పరీక్ష. ముందు పైపు తీసేసి యంత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టండి. తర్వాత పైపు తగిలించి దాని చివర పెట్టండి. రెండోచోట పట్టు బాగా తగ్గితే మోటరు మంచిదే, పైపు లోపల చీలింది. పాత అల్లిక పైపు విడిగా కొనాలంటే కొన్నిసార్లు యంత్రం కన్నా ఎక్కువ పడుతుంది. ఆ డాలస్ ఆయన యంత్రానికీ ఇదే జబ్బు, ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే 180 ఇచ్చేవారు కాదు.

ఆఖర్న ఆపేసి వినండి. ఆన్‌లో ఉన్న చప్పుడులో బేరింగు మాట వినపడదు. స్విచ్ తీశాక ఈల సన్నగా, నెమ్మదిగా తగ్గుతూ పోతే మంచిది. గరగరమని తొందరగా ఆగిపోతే బేరింగులు పోయాయి. మోటరుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర చిన్న చిన్న నీలం నిప్పురవ్వలు మామూలే. ఆ బ్రష్‌లు ఆని ఉండే, తిరిగే రాగి భాగం (కమ్యూటేటర్) చుట్టూ నిప్పు ఉంగరంలా కనిపిస్తే వదిలేయండి.

ఇప్పుడు ధర. కర్బీ క్లాసిక్ III బాగున్నవి మధ్యస్థంగా 100 డాలర్లకు అమ్ముడవుతున్నాయని మీ పట్టికలో తేలిందనుకుందాం. మీ ముందున్నదానికి ఇవన్నీ మార్చాల్సి ఉంటే ఫ్యాన్‌కు 30, వైరుకు 20, బెల్టుకూ సంచులకూ 15 తరుగు తీయండి. మిగిలింది 35. అదే మీ గరిష్ఠం. నేనైతే 20 దగ్గర మొదలుపెడతాను. ఆ తర్వాత బేరం ఎలా ఆడాలో మనవాళ్లకు నేను నేర్పాలా? ఎస్టేట్ సేల్ (ఒక ఇంటి సామానంతా అమ్మేసే సేల్) అయితే తొందరపడకండి, చివరి రోజు సగం ధరకే ఇచ్చేయడం చాలాచోట్ల మామూలు. క్రోమ్ మెరుపుకు నేను ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వను, అది ఒక ఆదివారం గుడ్డతో తుడిస్తే వచ్చేదే. రెయిన్‌బో లాంటి నీళ్ల యంత్రాలు (దుమ్మును సంచిలో కాక నీళ్ల తొట్టెలో పట్టేవి) అసలు కొనను. ఎవరో మురికినీళ్లు వదిలేసిన తొట్టె వాసన ఎంత కడిగినా నాకు వదిలినట్టు ఉండదు. మీకు అభ్యంతరం లేకపోతే కొనుక్కోండి, అవీ గట్టివే.

విజయవాడకు పంపుదామని అడిగినవాళ్లకు: అమెరికా యంత్రం 120 వోల్టులది, మన సాకెట్టు 230. నేరుగా పెడితే మోటరు వేగం హద్దు దాటిపోయి మాడిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 600 వాట్ల యంత్రానికి కనీసం 1000 వాట్లది, 1500 అయితే నిశ్చింత. 50 హెర్ట్జ్ గురించి టెన్షన్ వద్దు, బ్రష్‌ల మోటరుకు దానితో పెద్ద పేచీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ధర కూడా తరుగులో కలపండి. ఇండియాలో ఉన్నవాళ్లు అసలు అంత దూరం పోనక్కర్లేదు. యురేకా ఫోర్బ్స్ 1982లో ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో మొదలైంది, ఆ రోజుల్లో ఇంటికొచ్చి డెమో ఇచ్చి అమ్మిన యూరోక్లీన్లు మన అటకల మీద ఇంకా ఉన్నాయి. పిన్నినో అత్తయ్యనో అడిగి చూడండి.

అభ్యాసం. ఒకే ఒక్క మోడల్ ఎంచుకోండి. దాని అమ్మకాలు ఇరవై రాయండి: ధర, రవాణా, ఏ భాగాలున్నాయి, ఏవి లేవు. అడ్డగీతవి కొట్టేయండి. తర్వాత రెండు సేల్స్‌కు వెళ్లి, దొరికిన ప్రతి యంత్రానికీ పై పరీక్షలన్నీ చేసి, మీ గరిష్ఠ ధర కాగితం మీద రాశాకే ట్యాగ్ తిప్పి చూడండి. ఈ రెండుసార్లూ ఏమీ కొనకూడదు, ఎంత చవగ్గా ఉన్నా సరే. పట్టిక లేకుండా ఫొటో ఒక్కటే పంపి "ఎంతకు కొనొచ్చు?" అని అడిగేవాళ్లకు ఈసారి జవాబు ఇవ్వను.